నూటపదో మెట్టు

వాల్పరైసోలో దారులన్నీ నిటారుగానే ఉంటాయి.
మా ఇంటి నుంచి బడికి నూట అరవై మూడు మెట్లు,
దిగడానికి.
ఎక్కడానికి లెక్క వేరు.

పొద్దున్నే వేళ్ళు తెరుచుకోవు,
రాత్రి ఎవరో నా పిడికిట్లో ఏదో దాచి
తాళం వేసుకుపోయినట్టు.
మలుపులో బేకరీ దోన్యా ఎల్సిరా
పొయ్యిలోంచి తీసిన రొట్టె కాగితంలో చుట్టి ఇస్తుంది.
తినడానికి కాదని ఆమెకి తెలుసు.
అరచేతుల మధ్య అది చల్లారేలోగా
బొటనవేలు ముందు లొంగుతుంది,
తర్వాత మిగతావి, ఒకదాన్ని చూసి ఒకటి.
చిటికెన వేలు మాత్రం మొండిది.
దానికోసం రెండో రొట్టె కొనలేను.

"పదహారేళ్ళకి కీళ్ళనొప్పులేమిటే!"
గడపలో కూర్చుని బఠానీలు వలిచే ముసలావిడ అంటుంది,
ఆమె వంతు రాకుండానే
నేను వరుసలో దూరినట్టు.

సాయంత్రం ఎక్కేటప్పుడు
నలభయ్యో మెట్టు దగ్గర షూ లేసు ఊడుతుంది.
డెబ్భై రెండు దగ్గర పిల్లి కనిపిస్తుంది,
లేకపోయినా కనిపిస్తుంది.
నూటపది దగ్గర ఫోన్ తీసి రేవుని ఫోటో తీస్తాను.
క్రేన్లు, కంటైనర్లు, బూడిదరంగు యుద్ధనౌక,
పొగమంచు కమ్మితే ఉత్త తెలుపు.
రెండేళ్ళలో ఆరువందల పైచిలుకు.
క్లాసులో నాకు ఓడల పిచ్చి అని పేరు.
పుట్టినరోజుకి దిక్సూచి కూడా ఇచ్చారు.
ఉంచుకున్నాను.
జబ్బు పేరుతో పిలవడం కన్నా నయం.

ఇంట్లో ఎక్కువ చెప్పను.
చెబితే అమ్మ ముఖంలో ఇంకో నొప్పి మొదలవుతుంది,
దానికి మాత్రల్లేవు, నేనే మందు కావాలి.
శుక్రవారం ఇంజెక్షన్, శనివారం వాంతులు,
ఆదివారం మేనత్తలొస్తే
"బాగానే ఉంది."

మొన్న నవేల్ నా ఫోన్ తిరగేస్తూ తిరగేస్తూ
వేలు ఆపాడు.
"ఇన్ని ఓడలూ ఒక్కచోటి నుంచేనా?
అదే రెయిలింగు. మూలన అదే తుప్పు మరక."
నేనేదో అనబోయాను, వెలుతురు గురించి, కోణం గురించి.
వాడు వినలేదు.

ఆ సాయంత్రం నూటపదో మెట్టు మీద
నాకన్నా ముందు వాడే కూలబడి
"ఈ మెట్లు కట్టినవాడి మోకాళ్ళు విరగ" అని తిట్టాడు.
నవ్వాను. నవ్వితే భుజం కలుక్కుమంది.
ఫోన్ సంచిలోనే ఉండిపోయింది.
కింద ఎర్ర ఓడ ఒకటి, చాలా పెద్దది,
రేవులోకి తిరుగుతోంది
ఎవరికీ తొందర లేనట్టు.

ఇంకా యాభై మూడు.