ఔటర్‌ల ఆగిన బండి

నూట పదకొండో రోజు.
పొద్దున ఆరింటికి రాజమణక్క నన్ను గోడ దిక్కు తిప్పింది,
ఎనిమిదింటికి కిటికీ దిక్కు.
రెండు గంటలకోసారి తిప్పాలని
నేనే నేర్పిన ఆమెకు.
నాలుగేండ్ల రెండు నెలలు నేను చేసిన పని అదే గదా,
ఆ చలి దేశంల, మెత్తటి కార్పెట్ల ఇంట్ల,
నా తల్లులు కాని తల్లుల వీపులకు
పుండ్లు పడకుండ తిప్పుడు.

నడుము నొస్తే,
ఎత్తుడు దించుడు పని, నొయ్యదా అనుకున్న.
గోళీ మింగి రాత్రి డ్యూటీలు చేసిన.
స్కానింగుల తేలింది: వెన్నుపూసల క్షయ.
చెద పట్టిన దర్వాజ లెక్క
ఒక ఎముక లోపల్లోపలే పొడైతున్నదట.

మందులు అక్కడ పైస తీసుకోకుంటనే ఇచ్చిండ్రు, అబద్ధమెందుకు.
మంచం దిగొద్దన్నరు.
దిగకుంటే నీళ్లెవరియ్యాలె?
ఆ అద్దె అర్రల నాకు తోడున్నది
ఒక కెటిలు, ఒక కిటికీ, సగమైన ఉప్పు డబ్బ.
అందుకే వచ్చిన, చక్రాల కుర్చీల, కాజీపేటకు,
డీజిల్ కాలనీ ఎనుక అక్క వాళ్ల రెండర్రల ఇంటికి.

వచ్చేటప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పలే.
వచ్చినంక వకీలమ్మ చెప్పింది, ఫోన్ల, మంచి మాటతోనే:
అయిదేండ్లు నిండితే పక్కా కాగితం.
కానీ ఏ పన్నెండు నెలలు తీసుకున్నా
నూట ఎనభై రోజులు దాటి బయట ఉంటే
ఉన్న ఏండ్లన్నీ తెగిన దారం.
జబ్బయితే చూస్తరు, కాగితాలు పెట్టు, అన్నది.
చూస్తరంటే?
చూస్తరు, అన్నది.

కంపెనీ మెయిలు వేరే.
నా ఇంటిపేరు గూడ తప్పు లేకుంట రాసిండ్రు.
మీరు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం.

జీతం లేని సెలవు ఇన్ని వారాలు దాటితే స్పాన్సరుగా కొనసాగలేం.
ఆ రెండు వాక్యాల నడుమ
ఒక ఖాళీ లైను ఉన్నది.
దాంట్లనే పండుకున్న నేను.

డాక్టరు లెక్క పద్దెనిమిది నెలలు, ఒక్క గోళీ తప్పొద్దు.
వాళ్ల లెక్క నూట ఎనభై.
గోళీలకు మూత్రం మోదుగుపూల నీళ్ల లెక్క వస్తది.
కింద పరిచిన కొత్తవాడ జంపఖాన చారలు లెక్కపెడుత,
ఎర్రవి డాక్టరుకు, నీలివి వాళ్లకు.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా నీలివే తక్కువ.

మా బావ గూడ్సు బండ్ల గార్డు చేసి దిగినోడు.
"ఔటర్‌ల ఆగితే ఆలస్యమైనట్టే గని
రద్దయినట్టు కాదు పిల్లా" అంటడు.
నిజమే బావా.
కానీ నీ బండికి రిజిస్టరుంటది,
ఎందుకాగిందో ఎవరో ఒకరు రాస్తరు.
నా ఎముకకు వాళ్ల కాడ ఉన్న పేరు
గైర్హాజరు.

ఎంజీఎంల డాక్టరమ్మ సర్టిఫికెట్ రాసుకుంట
పెన్ను ఆపి అడిగింది: ఎప్పటిదాకని రాయాలె?
అక్క నా దిక్కు చూసింది,
నేను ఫ్యాను దిక్కు చూసిన.
ఆఖరికి "చికిత్స కొనసాగుచున్నది" అని రాసి ముద్ర కొట్టింది.
నడుము పట్టీ బిగించుకొని, ఆటోల,
సుబేదారి దాటేదాక అదొక్కటే చదువుకుంట వచ్చిన.

అక్కడ పదమూడో గదిల ఒకామె ఉండేది.
తిప్పినప్పుడల్లా నా మణికట్టు పట్టుకొని
నువ్వు ఈడనే ఉంటవు గదా అనేది, వాళ్ల భాషల.
ఉంట, అన్న.
ఎన్నిసార్లన్ననో.
ఏ ఆఫీసునూ అడగకుంటనే అన్న.

పది కొట్టింది షెడ్డు సైరను.
పొయ్యి మీద చారు దించి వచ్చింది అక్క,
చేతులు కొంగుకు తుడుసుకుంట.
ఒక చెయ్యి భుజం కింద, ఒకటి తుంటి కింద,
సరిగ్గ నేను నేర్పినట్టే.
"ఎటు తిప్పమంటవే?"