నిప్పు సంగతి

గ్లాస్గో నుంచి జవాబొచ్చింది.
హాల్లో నిప్పు పెట్టనియ్యరట,
వెనక పార్కింగులో కూడా వద్దట.
ఎంత చిన్న మంటైనా పైకప్పులో గంటలు మోగి
ఫైరింజన్ వస్తుందట, ఆ బిల్లు మనదేనట.
చివర్న చాలా మర్యాదగా
హెయిర్ డ్రయ్యర్ సరిపోతుందా అని అడిగారు.

చదివి వినిపించాను.
ఐలేశు మామ నవ్వలేదు.
డప్పును ఒళ్ళో బోర్లేసుకుని
పసిదాని వీపులా నిమిరి
"తడి జుట్టు అనుకున్నరా దీన్ని?" అన్నాడు.

వారాసిగూడలో మేం ఆరుగురం.
నలుగురు కొట్టేవాళ్ళు, పాడేది కొమరవ్వ,
ఫారాలు నింపేది నేను.
జిరాక్స్ షాపులో పని కాబట్టి
ఇంగ్లీషు నాకే వచ్చని వీళ్ళ నమ్మకం.

రెండు నెలలుగా మా గల్లీలో
దరువు కన్నా కాగితం చప్పుడే ఎక్కువ.
చిట్టీ ముందే ఎత్తి
వీసా కోసం ఖాతాలో పడుకోబెట్టిన లక్షా ఇరవై వేలు,
లేపితే ఒట్టు.
ఓదెలు పాస్‌పోర్టులో ఓబెలయ్యి కూర్చున్నాడు.
కొమరవ్వ పుట్టిన తేదీ
బడి సారు ఇచ్చిందొకటి, వాళ్ళమ్మ చెప్పే వానల లెక్కొకటి.

జంతువులకు సంబంధించిన వస్తువులున్నాయా?
ఉన్నాయి. మేక తోలు.
ఎక్కడిది? ఎలా శుద్ధి చేశారు?
మామ చెబుతుంటే రాసుకున్నాను:
చెంగిచర్లల కొన్నం. సున్నం నీళ్ళల్ల నానేసినం.
మంచి తోలు. ఎన్నడు ఎవర్ని కరువలే.
ఆఖరి మాట ఫారంలో ఎక్కించలేదు.

ఆదివారం డప్పెత్తుకుని
నీలోఫర్ బ్యూటీ పార్లర్‌కి పోయాం.
ముల్తానీ మట్టి పూసుకున్న ఇద్దరు
కళ్ళ మీది కీరముక్కలు తీసి చూశారు.
వేడి గాలి అంచు నుంచి నడిమికి,
నడిమి నుంచి అంచుకి.
నాలుగు నిమిషాలకు
మామ సిటికెన పుల్లతో మెల్లగా తట్టాడు.
అద్దాలు అదిరాయి.
మట్టి ముఖాలామె ఒకావిడ నవ్వబోతే పగిలింది, ముఖం మీది మట్టి.

"ఎక్కింది గదా మామా?"
"ఎక్కింది."
బస్‌స్టాపు దాకా నడిచాక అన్నాడు:
"సప్పుడచ్చింది గని పొగ వాసన రాలే."

ఇంకో చిక్కు, నలభై అయిదు నిమిషాలు.
మాకిచ్చిన టైము అంతే.
మా తర్వాత సితార్, దాని తర్వాత భోజనాలు.
నా ఫోన్లో అలారం పెట్టి కొట్టి చూశారు.
అలారం మోగేసరికి
సిర్ర పుల్ల ఇంకా మాట కలుపుతూనే ఉంది.
"గప్పుడే గదనే చేతులు కాగేది" అన్నాడు ఓదెలు.

కొమరవ్వ అనుమానం వేరే.
"ఆడ పెండ్లి లేదు, బోనం లేదు,
ఎవరూ సావలేదు.
మరి ఎవరి కోసం కొడుతున్నరని అడిగితే?"
టికెట్టు కొన్నవాళ్ళ కోసం అన్నాను.
"కొన్నంక లేసి ఎగురుతరా, కుర్సీలల్లనే ఉంటరా?"
ఆ సంగతి కూడా అడగాలి,
ఉత్తరంలో ఎట్లా రాయాలో తెలీడం లేదు.

నిన్న రాత్రి వాన.
గ్లాస్గోలో రోజూ ఇంతేనట, అలవాటవుతుందని
మేడ మీద రేకుల కింద తాలీము పెట్టాం.
డప్పు మెత్తబడి
నానిన అట్టపెట్టెలా పలికింది.
పార్లర్ నుంచి తెచ్చిన డ్రయ్యర్ పెట్టామో లేదో
కరెంటు పోయింది,
పార్సిగుట్ట దాకా చీకటి.

ఎవరూ ఏమీ అనలేదు.
కొమరవ్వ కొబ్బరి పీచు తెచ్చింది.
ఓదెలు నా సంచిలో తడిమి
చెల్లని జిరాక్సులు తీశాడు,
అన్నిటి మీదా ఓబెలే.
మామ అగ్గిపుల్ల గీశాడు.

ఆ వెలుగులో ఫోను తీసి
జవాబు మొదలుపెట్టాను:
కృతజ్ఞతలు. డ్రయ్యర్ సరిపోతుంది.
మాకు రెండు కావాలి. మీ దగ్గర ప్లగ్గు

అంతలో దరువెక్కింది.
ప్లగ్గు సంగతి రేపు రాస్తాను.