గిట్టగుంటల ఆకాశం

మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి తాగి
నలభైకే నడుము వంగింది మా సలోమక్కకు.
గుట్ట మీది సిలువను చూసి పదేండ్లాయె.

నేల మాత్రం ఆమెకు కంఠతా వచ్చు.
తుమ్మముల్లు దొరికితే విసిరెయ్యది,
తీసి గట్టు మీద పెడ్తది.
"ప్రభువు నెత్తిదాక పోయొచ్చిన జాతి, మర్యాద ఉండాలె."
శ్రమదినాలల్ల రాలిన మోదుగుపూలు
తొక్కకుండ చుట్టు తిరిగి నడుస్తది.
చెలకల పక్కకు దొర్లిన గుండును తడిమి
"లోపల ఎవ్వరు లేరు, పోదాం పా" అని నవ్వుతది.
గుండు మీద తొండ తల ఊపుతది.

పద్దెనిమిదేండ్లు వంగిన ఆడామె కథ
పాస్టరు చదివిన ఆదివారం
ఏమీ మాట్లాడలే.
దారిపొడుగూత నా చెయ్యి విడువలే.

ఆ రాత్రి వాన పడ్డది.
పొద్దున బర్రె గిట్టగుంటల
అరచెయ్యంత నీళ్లు,
నీళ్లల్ల ఒక మబ్బు, దాని అంచుకు వెలుగు.
అక్క ఆగింది. శానసేపు.
"నన్ను వంచింది గీ నీళ్లే గదరా,
మల్ల పైలోకం సూపెడ్తున్నది గూడ గియ్యే."

ఇవి వాననీళ్లక్కా అందామనుకొని
ఊకున్న.

తలెత్తి పైకి చూసిన.
నాకు మబ్బే కనిపించింది.