వలెను, వచ్చును

చట్టంలో మార్చిందల్లా
ఒక్క మాట తోక.
"గాలిని నెలనెలా తనిఖీ చేయవలెను" అన్న చోట
"చేయవచ్చును".

ఆ తోక పట్టుకుని ఒక తెల్ల వ్యాను
బొగ్గు లారీల మధ్య దూరుకుంటూ
కమ్యూనిటీ హాలుకి చేరింది.
పది గంటలకన్నది, పన్నెండింటికి.

ఎంపుమలంగా అంటే సూర్యుడు లేచే చోటట.
ఈ ఊళ్లో ఆయన లేచేది
పవర్‌హౌస్ ఆరు పొగగొట్టాల వెనక.
ఒక్కో రోజు ఎనిమిదైనా
లేచాడో లేదో తెలీదు.

గుమ్మం దగ్గర సంతకానికి
ఒక బన్ను, ఒక జ్యూసు డబ్బా.
లోపల ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద స్లైడ్లు:
క్లాజు, ఉపక్లాజు, సరళీకరణ, క్రమబద్ధీకరణ.
పట్టుకోబోతే జారిపోయే వాలుగచేపలు.

అరవై ఏడేళ్ల ఖెత్సివె మాసిలెలా
మైకు ముందుకొచ్చి
చేతిసంచిలోంచి మనవడి నీలం పంపు తీసి
బల్ల మీద పెట్టింది, టక్కుమని.

"ఇది నెలకొకటి సరిపోయేది. ఇప్పుడు రెండు.
మీ మిషను వచ్చి లెక్క రాసుకుపోయే వారం
పొగ కాస్త తగ్గేది, బాబూ.
ముందే కబురందేది గాబోలు వాళ్లకి.
ఆ ఒక్క వారమే నేను
దుప్పట్లు బయట ఆరేసేదాన్ని.
ఆ వారం కూడా కావాలా మీకు?"

దుబాసీ కుర్రాడు బొంగుముసా
చివరి మాట దగ్గర ఆగిపోయాడు.
ఇంగ్లీషు రాక కాదు.
వాళ్లమ్మా దుప్పట్లు ఇంట్లోనే ఆరేస్తుంది.
గొంతు సవరించుకుని అన్నాడు:
"ఆవిడ తన ఆందోళన తెలియజేస్తున్నారు."

అది నివేదికలో నలభై ఒకటో పేజీ, మూడో చుక్క:
"వాయు నాణ్యతపై ఆందోళనలు వ్యక్తమైనవి.
గమనించడమైనది."
ఎవరు గమనించారయ్యా అంటే
వాక్యమంతా గాలించినా కర్త దొరకడు.

అక్కణ్ణించి కమిటీ గది, కాఫీ వేళ,
బేరాల మ్యాండేటు, తుది మ్యాండేటు.
మెట్టు మెట్టుకీ పేజీలు రాలుతూ రాలుతూ
చివరికి ఒక్క కాగితం.
అందులో దుప్పటి లేదు,
పంపు లేదు,
నలభై ఒకటో పేజీయే లేదు.

కేప్‌టౌన్‌లో ఆ రోజు
కిటికీ తీస్తే ఉప్పుగాలి.
తొమ్మిది ప్రావిన్సులు, ఒక్కోదానికి ఒక్కటే ఓటు.
కోటిన్నర మంది కిక్కిరిసిన చోటికీ ఒకటే,
మనుషులకన్నా గొర్రెలెక్కువున్న
ఎండునేలకీ ఒకటే.

ఆరో పేరు పిలిచారు.
శ్రీమతి లెఖులేని లేచింది.
ఆవిడ పుట్టింది ఆ పొగగొట్టాలకి
నాలుగు కిలోమీటర్లలో.
బడికి వేసుకెళ్లిన తెల్ల సాక్సులు
ఇంటికొచ్చేసరికి ఏ రంగో
ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.
కానీ ఓటు ఆవిడది కాదు,
మడిచి తెచ్చుకున్న కాగితానిది.

బటను నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.
ముందు దగ్గొచ్చింది.
సభా రికార్డులో దగ్గులు రాయరు.
"ఎంపుమలంగా ఆమోదిస్తోంది."

ఆమోదమంటే
నిఘంటువులో పరిమళమని కూడా ఉంది.
ఆ రాత్రి ఊరంతా గంధకం కంపు.

ఐదు ఓట్లు చాలు. ఏడొచ్చాయి.

కబురు చెప్పడానికి ఆదివారం
బొంగుముసాయే వెళ్లాడు.
ఎవరూ పంపలేదు.
"తనిఖీ ఇక చేయవచ్చునని రాశారమ్మా."
"వచ్చునన్నారా?
మంచిదే. ఎప్పుడొస్తారు?"

అతను నోరు తెరిచి
మూసుకున్నాడు.
తొట్టిలో తడిదుప్పటి ఉంది.
రెండో కొస తను అందుకున్నాడు.
ఇద్దరూ మెలితిప్పి పిండారు.
ఆవిడ వాకిలి వైపు ఒకసారి చూసి,
తలుపు మోకాలితో నెట్టి మూసి,
తాడు వంటింట్లోనే కట్టమంది.