వాన అనే కుక్క

ఒకాకరారా దాటాక ముళ్ళ దడి, నూటపది మేకలు.
ఎనిమిది వారాల పిల్లని తెచ్చి
కావెజెంబ దాన్ని మేకల్లోనే వదిలేసింది.
"ఒళ్ళోకి ఎత్తుకోకండి" అని మనవల్ని కసిరింది.
"మనకి మాలిమైతే మనల్నే కాస్తుంది."

పేరు ఓంబురా. వాళ్ళ మాటలో వాన.
మూడేళ్ళుగా పిలుస్తున్నా రాలేదు ఆ వాన.
పిలిస్తే వచ్చేది ఇదొక్కటే,
అదీ మేకలు ఒప్పుకుంటేనే.

దీని తాతలు టర్కీ కొండల మంచులో
తోడేళ్ళతో తేల్చుకున్నవాళ్ళట.
ఇక్కడ ఇసుక కాలుతుంది.
నాలుక బారెడు వేలాడేసుకుని
ముళ్ళతుమ్మ నీడతోపాటు జరుగుతుంటుంది.
తోడేలంటే ఏమిటో దానికి తెలీదు.

నిన్న పొద్దువాలాక గడ్డి కదిలింది.
చీతా.
సన్నటి నడుము, కళ్ళ కింద ఆరని చారలు,
వెనక ఎక్కడో పిల్లలుండే ఉంటాయి.
ఓంబురా లేచి నిలబడి
గొంతు చించుకుంది.
మొరిగే కుక్క కరవదంటారు.
కరవలేదు.
చీతా కాసేపు చూసింది, ఏదో లెక్కేసుకుంది,
వచ్చిన గడ్డిలోకే వెళ్ళిపోయింది.

తెల్లారి కావెజెంబ రెండుసార్లు లెక్కపెట్టింది.
నూటపది.
లోపలికెళ్ళి గోడకున్న తుపాకీ దింపి
మంచం కిందకి తోసింది.
ఖాళీ అయిన మేకుకి
తన కొమ్ముల తలపాగా తగిలించి
టీ పెట్టుకుంది.