సదివిన

షార్జా పారిశ్రామిక వాడ, పదో నంబరు గల్లీ.
మైదా గంజి, నారదారం, ఎముకతో చేసిన మడతపుల్ల.
పుస్తకాలకు అట్టలు కడుత నేను.
నాకు రాని భాషలన్నీ నా చేతుల మీదికెల్లే పోతయి.

ఈ నెల నలభై ఒక్క పెట్టెలొచ్చినయి.
ఎవరో ముసలి పండితుడు సచ్చిపోతే
కొడుకులు తూకానికి అమ్మిన్రట.
అన్నీ ఒక్క జాతి మీదనే: ఖజర్లు.
వెయ్యేండ్ల కింద ఓల్గా నది కడాకు ఏలినోళ్లు.
రాజు యూదుల మతం పుచ్చుకున్నడంటరు,
ఆయనెంట ఎందరు పోయిన్రో
ఎవలి లెక్క వాళ్లదే.

జాబితా రాసే సకీనత్‌ది దాగెస్తాన్.
కండ్లద్దాలు ముక్కు కొసకు జార్చి చెప్తది:
మా తాత బడి పుస్తకంల వీళ్లు దొంగలు, అర పేజీ.
నా పుస్తకంల అసలే లేరు.
నా కొడుకు పుస్తకంల మా ముత్తాతలు,
రంగుబొమ్మలతోని.

ఒకే రచయిత, రెండు అచ్చులు.
మొదటిదాంట్ల కోట, రెండోదాంట్ల పశువుల దొడ్డి.
నడుమల ఏదో పత్రికల ఒక వ్యాసం పడ్డదట.
రెంటికీ ఒకే నీలం గుడ్డ వేసిన,
పక్కపక్కన పెడితే అన్నదమ్ముల లెక్కున్నయి.

ఇంకోటి పలుచటిది, పది కాపీలు.
ఇప్పటి యూదులంత ఖజర్ల సంతతేనట,
గా మట్టి మీద హక్కు లేదట.
సకీనత్ దాన్ని వేరే బల్ల మీదికి తోసింది:
"ఇది ఖజర్ల గురించి కాదు."
దానికి జవాబులు రాసిన పుస్తకాలు ఒక పెట్టెడు.
వాటిల్ల గూడ, పాపం, ఖజర్లు కొంచెమే.

పగటీలి పటాలొచ్చినయి.
ఈ సముద్రం మీద పర్షియా అని ఉన్నకాడ
అరబ్బు అని చీటీ అంటించాలె.
రెండొందల పన్నెండు అంటిచ్చిన,
గాలిబుడగ లేకుంట, బొటనవేలితోని ఒత్తి.
పైన, ఉత్తరం దిక్కు, ఇంకో సముద్రం.
ఇరానోళ్ల పటంల దాని పేరు ఇప్పటికీ ఖజర్లదే.
మనుషులు పోయిన్రు, నీళ్లకు పేరు మిగిలింది.
దానికి చీటీలు పంపలేదు ఎవలూ.

వాళ్ల ఇటుకల కోట ఒకటి దొరికిందట గద,
తవ్వుడు ఒడవకముందే
ఆనకట్ట నీళ్లల్ల మునిగిందట.
నా చెయ్యి ఆగింది.

మాది కోటిలింగాల పక్కూరు.
ఎల్లంపల్లి నీళ్లు మా చెలక దాకొచ్చినయి.
మా నాయిన నాగలికి తలిగిన సీసం బిళ్ల
కొన్నాళ్లు మా చెల్లె అష్టాచెమ్మల కాయ.
రాష్ట్రం రెండైనప్పుడు
శాతవాహనుల్ని గూడ రెండు చేతులు పట్టి గుంజిన్రు:
ఈడ పుట్టిన్రని ఈడోళ్లు, ఆడ పుట్టిన్రని ఆడోళ్లు.
జగిత్యాల బస్టాండు చాయ్ హోటల్ల
బెంచీ గుద్ది కొట్లాడినోన్ని నేను గూడ.
సదివింది సున్న.

వాళ్ల భాషల మిగిలింది ఒక్క మాటేనట.
ఎవరిదో ఉత్తరం కింద, ఓ మూలకు,
ఏ అధికారో గీకి పోయిండు: "సదివిన."
అది గట్ల చదవొద్దనేటోళ్లు గూడ ఉన్నరట.

ఆఖరి పుస్తకం అట్ట లోపటి దిక్కు,
గంజి పూసేముందు,
గా మాట పెన్సిల్‌తోని రాద్దామని వంగిన.
రాయలే.
నేను సదవలే గద.
అంటిచ్చిన.