లొల్ల లాకుల దగ్గర

మట్టపర్తి సోమలింగం గారు
నా మొదటి పుస్తకాన్ని
లాకు రిజిస్టరు కింద దాచుకుని చదివారు.
నలభై రెండు కవితలు,
ముప్పైతొమ్మిదింటి మీద పెన్సిలు గీతలు.
"గోదారి ఎక్కువైంది, నీళ్లు తక్కువయ్యాయి" అన్నారు.

విసురుగా లేచాను.
కూర్చోమని కిందికి చూపించారు:
తలుపుల మధ్య ఆగిన పడవ,
బీడీ వెలిగించుకుంటున్న సరంగు,
గోడ మీద నాచును తడుపుతూ ఎక్కుతున్న నీరు.
"రెండు పక్కలా మట్టం కలిసేదాకా
తలుపు తియ్యకూడదు.
నా రాతా అంతే."

ఆయన పోయాక
రిజిస్టర్లు ఇరిగేషనాఫీసుకి వెళ్లిపోయాయి.
అడుగులు, అంగుళాలు, అంచుల్లో వ్యాసాలు.

మొన్న పాత లస్కరొకడు ఒక కాగితం తెచ్చిచ్చాడు.
కాలవ కట్టేసిన రోజుది. మట్టం: సున్నా.
దాని పక్కనే నా కవిత,
గీత పడని మూడింటిలో ఒకటి,
చివర ప్రశ్నార్థకం,
పెన్సిలుతోనే.